తీపినీటి పెట్టె

ఏడో లంక మరమ్మతు పుస్తకం. రాస్తున్నది తూము మనిషి మంగతాయారు.

ఉప్పొచ్చిన నలభై రెండో ఏడు, ఆషాఢ బహుళ పంచమి

పెట్టె లేవలేదు.

మూడు రోజులు తాటాకు చాప మీద బుద్ధిగా పనిచేసిన కంప్యూటరు, అబ్బులు మేస్త్రి చేసిన టేకు పెట్టెలోకి ఎక్కించగానే అలిగింది. స్విచ్ నొక్కితే ఫ్యాను అర చుట్టు తిరిగి ఆగిపోతుంది. తెర నల్లగానే ఉంటుంది. ఇంకోసారి నొక్కితే ఇంకో అర చుట్టు. ఏడుసార్లు నొక్కాను. ఎనిమిదోసారి నొక్కితే నా చెయ్యే విరిచేసుకుంటానని లేచి నారుమడి కాపలాకు పోయాను.

ఈ కంప్యూటరు భాగాలు పోగెయ్యడానికి పద్నాలుగు నెలలు పట్టింది. బోర్డు మునిగిపోయిన కాలేజీ మూడో అంతస్తులోది. మెమరీ కడ్డీలు రెండూ పడవల సంతలో ఎండు రొయ్యలిచ్చి తెచ్చుకున్నవి. ఫ్యాను ఎవరి ఇంట్లోదో అడగలేదు, వాళ్ళూ చెప్పలేదు. ఇన్ని ఊళ్ళ ముక్కలు నా చాప మీద కలిసిమెలిసి బతికాయి కదా, పెట్టెలోకి వెళ్ళగానే ఏం తగువొచ్చిందో తెలియదు.

అమావాస్యకి పది రోజులుంది.

షష్ఠి

ఈ పుస్తకం మొదటి పేజీలో, నాకన్నా ముందు తూము చూసినవాళ్ళు రాసిపెట్టిన మాట ఒకటుంది. ఒకసారి ఒక్కటే మార్చు, మార్చింది రాయి, రాశాక ఇంకోటి మార్చు. కంగారులో మూడు కలిపి మార్చినవాళ్ళని చూశాను. బాగైతే దేనివల్ల బాగైందో తెలియదు, పాడైతే అసలే తెలియదు. కాబట్టి ఒక్కొక్కటే.

ఈ రోజు కరెంటు చూశాను. సోలారు పలకలు తుడిచాను. బ్యాటరీ నిండుగానే ఉంది. బ్యాటరీ నుంచి బోర్డుకి కరెంటు పంచే డబ్బా మీద అనుమానమొచ్చి, దాన్ని తీసేసి వలల షెడ్డులోని డబ్బా తెచ్చి పెట్టాను. అదే అర చుట్టు. తప్పు డబ్బాది కాదు. పాతదే మళ్ళీ బిగించాను.

సాయంత్రం పదిహేడు గడపలకీ మంచినీళ్ళు కొలిచి పోశాను. గడపకి రెండు బిందెలు. చెరువులో కొలకర్ర అయిదో గీత దగ్గరుంది. పోయినేడు ఈ రోజుకి ఎనిమిదో గీత. నీళ్ళు పోస్తుంటే ఎవరూ గొణగలేదు. గొణిగితే నాకు కొంచెం ధైర్యంగా ఉండేది.

తర్వాత ఈ పుస్తకం పట్టుకునేవాళ్ళ కోసం విషయం రాసిపెడుతున్నాను. ఎగువ ఆనకట్టవాళ్ళు ఏడాదికి ఒక్కసారి, ఆషాఢ అమావాస్యకి తీపినీళ్ళు వదులుతారు. ఆ నీళ్ళు మన లంక పక్కనుంచి పోయేది నాలుగైదు గంటలే. ఆ లోపల తూము ఎత్తి చెరువు నింపుకోవాలి. ముందు ఎత్తితే ఉప్పునీళ్ళు వస్తాయి. ఆలస్యమైతే పోటు తిరగబడి మళ్ళీ ఉప్పునీళ్ళే వస్తాయి. ఒక్కసారి చెరువు ఉప్పైతే నారు చస్తుంది, ఏడాదంతా తాగడానికీ ఉండదు. అప్పుడు ఎగువ శిబిరం పడవ వచ్చి పేర్లు రాసుకుని అందర్నీ ఎక్కించుకుపోతుంది. అయిదో లంక అలాగే పోయింది. అక్కడ ఇప్పుడు కొంగలే ఉంటాయి.

పూర్వం ఎర్రనీరు కనబడగానే తూము ఎత్తేవారట. ఇప్పుడు బురదంతా ఆనకట్టల్లోనే దిగిపోయి నీళ్ళు తేటగా వస్తాయి. చూసి చెప్పలేం, నాలుక మీద వేసుకుంటేనే తెలుస్తుంది.

సప్తమి

స్విచ్ పాడైందేమోనని దాని తీగలు పీకి, బోర్డు మీద అవి తగిలే రెండు సూదుల్నీ స్క్రూడ్రైవరు మొనతో కలిపాను. అర చుట్టు. స్విచ్ మంచిదే.

మధ్యాహ్నం మెమరీ కడ్డీలు తీసి, వాటి రాగి అంచుల్ని రబ్బరుతో రుద్దాను. ఉప్పుగాలికి మూడు రోజుల్లోనే తెల్లటి పొర పట్టింది. ఒక కడ్డీతో చూశాను, రెండో కడ్డీతో చూశాను, చోట్లు మార్చి చూశాను. ఒక్కొక్కటే, రాసుకుంటూ. నాలుగు అర చుట్లు.

అబ్బులు మేస్త్రి వచ్చి గుమ్మంలో కూర్చున్నాడు. లంకలో ఇళ్ళూ పడవలూ ఏవైనా అతని చేతివే. ఈ పెట్టె కూడా ముచ్చటగా చేశాడు. తూము గుడిసెలో అలల తుంపర పడుతుంది కాబట్టి మూతకి రబ్బరు అంచు కట్టాడు, లోపల అడుగునంతా మైనం పట్టించిన గుడ్డ పరిచాడు. పెట్టెలో ఏమైనా లోపం ఉందా అక్కా అని అడిగాడు. లోపం పెట్టెది కాదు, నాది అన్నాను. ఆ మాటకి సంతోషించాలి కదా. అతను పెట్టె వంక ఒకసారి చూసి, చుట్ట కూడా వెలిగించకుండా వెళ్ళిపోయాడు. అబ్బులు నోట్లో నువ్వుగింజ నానదని లంకంతా అంటారు. అలాంటివాడు నోరు మూసుకుని వెళ్ళడం వింతగా అనిపించింది.

అష్టమి

ఈ రోజు మరమ్మతు చెయ్యలేదు. నాగరత్నం మామ్మ కబురు పెట్టింది.

మామ్మకి ఎనభై ఒకటి. ముప్ఫై ఏళ్ళుగా ఈ లంకకి నాలుక ఆవిడదే. అమావాస్యకి ముందు రోజు నుంచీ పడవ మీద ఎగువకి వెళ్ళి, అయిదు చోట్ల నీళ్ళు పుక్కిలించి ఉమ్మేది. ఆ అయిదు చోట్లా తీపి ఎంతెంత వచ్చిందో చూసుకుని, తూము దగ్గరికి ఎప్పుడొస్తుందో చెప్పేది. ఆవిడ లెక్కలో అంకెలుండవు. ఊరగాయ ఊట, సముద్రం, కన్నీళ్ళు, చారు, ఉప్పుగంజి, కొబ్బరినీళ్ళు, వాన. కొబ్బరినీళ్ళు అందంటే తూము ఎత్తెయ్యడమే.

నేను తూముకి వచ్చినప్పటి నుంచీ ఆవిడ మాట పక్కనే నా చేతి మీటరు అంకె రాసేదాన్ని. పదేళ్ళలో ఒక్కసారి కూడా మామ్మా మీటరూ వేరుపడలేదు. పోయినేడు వేరుపడ్డారు. మామ్మ కొబ్బరినీళ్ళు అంది. మీటరు చారు అంది. మీటరు ముసలిదైపోయిందనుకుని మామ్మ మాట మీద తూము ఎత్తాను. వెనకే తీపి వచ్చి కలవడంతో చెరువు దక్కింది గానీ, తూర్పు మడి నారంతా తెల్లబడి పోయింది. గాలి మారి పోటు ముందొచ్చిందని అందరితో చెప్పాను. ఆ పేజీని మైనంతో పక్క పేజీకి అంటించేశాను. ఇక్కడ ఒప్పుకుంటున్నాను.

ఈ కంప్యూటరు అందుకే కట్టాను. మీటరు ఫాల్గుణంలో పోయింది. దాని మాదిరిగానే అయిదు ఉప్పు కడ్డీలు చేసి, మామ్మ పుక్కిలించే అయిదు చోట్లా నీళ్ళలో వేలాడదీశాను. అవి రేడియోలో కబురు పంపితే కంప్యూటరు అయిదింటినీ కలిపి చూసి మామ్మ మాటల్లోనే చెబుతుంది. మామ్మతో మాత్రం, నీకు పడవ ఎక్కే శ్రమ తప్పిస్తున్నాను మామ్మా అన్నాను. కంప్యూటరు లేవకపోతే అమావాస్య నాడు అందరూ ఆవిడ నోటి వంకే చూస్తారు. ఆవిడ తప్పు చెబుతుంది. లంక పోతుంది, అదీ ఆవిడ మాట మీద పోతుంది. నాకు భయంగా ఉంది. నన్ను పెంచింది ఆవిడే.

ఇంతకీ కబురెందుకంటే చేపల పులుసు వండిందట. తిన్నాను. ఉప్పు రెండింతలుంది. బాగుంది మామ్మా అని ఇంకో ముద్ద పెట్టించుకున్నాను. పెట్టె లేచిందా అని అడిగింది. లేస్తుందన్నాను. వచ్చేటప్పుడు ఆవిడ గడప చెక్క కాలికింద కదిలింది. అబ్బులుతో చెప్పి బిగించాలి.

దశమి

నిన్న రేడియో ముక్క తీసేసి చూశాను. బోర్డు మీది గుండు సెల్లు మార్చి చూశాను. ఏమీ లేదు.

ఈ రోజు విసుగొచ్చి మొత్తం పెట్టెలోంచి తీసి చాప మీద పరిచాను. స్విచ్ నొక్కాను. లేచింది. ఫ్యాను గిర్రున తిరిగింది, తెర మీద మామ్మ మాటలన్నీ వరసగా వచ్చాయి. చాప మీదే కూర్చుని కాసేపు ఏడ్చాను, చెప్పుకోడానికి సిగ్గేం లేదు.

మళ్ళీ పెట్టెలో బిగించాను. అర చుట్టు.

అంటే తప్పు పెట్టెలో ఉంది. బోర్డు నిలబెట్టే ఇత్తడి కాళ్ళు ఆరు. లెక్కపెడితే ఆరే ఉన్నాయి, అదనపు కాలు ఏదీ బోర్డుని తాకడం లేదు. మైనం గుడ్డ మీద చెయ్యి రాశాను. మేకు ఏమీ తగల్లేదు. నడుమ ఒకచోట చిన్న బుడిపె ఉంది, చెక్కలో ముడి అయ్యుంటుంది. ఒక వింత కూడా రాస్తున్నాను. ఆరు స్క్రూలూ సగమే బిగిస్తే లేస్తుంది, గట్టిగా బిగిస్తే పడుకుంటుంది. సగం బిగింపుతో వదిలేద్దామా అనుకున్నాను. కానీ తూము ఎత్తేటప్పుడు గుడిసె మొత్తం ఊగుతుంది. రెండు గంటలు నలుగురు చక్రం తిప్పుతారు.

చాప మీదే ఉంచెయ్యలేనా అంటే, తూము గుడిసె తుంపరలో బోర్డు గంట కూడా బతకదు.

ఏకాదశి

వేరే పెట్టె చెయ్యాలని నిశ్చయించుకున్నాను. టేకు లేదు, రోజులూ లేవు. పాత నూనె డబ్బా కోసి, లోపల రబ్బరు అతికిస్తే నాలుగు రోజులు ఆగుతుంది. రేకు కోసే కత్తెర అబ్బులు దగ్గరే ఉంది. వెళ్ళి అడిగాను. ఎందుకన్నాడు. నీ పెట్టె పక్కన పెట్టేస్తున్నాను అబ్బులూ, దాంట్లో ఏదో ఉంది, నాకు దొరకడం లేదు అన్నాను.

అతను కత్తెర తీసి నా చేతికిచ్చాడు. మళ్ళీ లాక్కున్నాడు. తలకి కట్టుకున్న తువ్వాలు విప్పి మొహం తుడుచుకున్నాడు.

"చెప్పకూడదక్కా. చెప్తే ఇల్లు నిలబడదంటారు."

"ఏ ఇల్లు?"

"ఆ పెట్టేనండి. గుడ్డ లేపి చూడండి, నడిమజ్జిన. నేను చెప్పలేదు, మీరే చూశారు."

నాకప్పుడు అర్థమైంది. లంకల్లో ఏ ఇల్లు కట్టినా గడప కింద పంచలోహాలు పెడతాం. ఇల్లు మునిగి ఇంకో చోటికి పోవలసి వస్తే ముందు వాటినే తవ్వి తీసుకుంటాం, గిన్నెలు తర్వాత. ఎక్కడ పెట్టామో, ఎవరివో బయటికి చెప్పం. పడవకైనా అంతే, అడుగు దూలంలో పెట్టి నోరు మూసుకుంటాం. అబ్బులు ముప్ఫై ఇళ్ళూ యాభై పడవలూ కట్టాడు, ఒక్కదాని గురించీ పెదవి విప్పలేదు. నువ్వుగింజ నానని నోరు అని అనవసరంగా ఆడిపోసుకున్నాం.

ఈ పెట్టెకీ అదే చేశాడు. అడుగు చెక్కలో చిన్న గుంట తొలిచి, లోహాలు పెట్టి, పైన మైనం గుడ్డ పరిచాడు. నేను స్క్రూలు గట్టిగా బిగించినప్పుడల్లా బోర్డు అడుగున ఉండే సూది మొనలు గుడ్డలోంచి దిగి లోహాన్ని తాకుతున్నాయి. కరెంటు పోవలసిన దారి వదిలి వాటిలోంచి పోతోంది. పంచే డబ్బా అది గమనించి వెంటనే ఆపేస్తోంది. తప్పు డబ్బాది కాదు, పాపం, అదే బోర్డుని కాపాడింది. పిల్లాణ్ణి చంకలో పెట్టుకుని ఊరంతా వెతికినట్టు, బుడిపె మీద చెయ్యి రాసి కూడా ముడి అని రాసుకున్నాను.

కోపం వచ్చింది. ఒక్క మాట ముందు చెబితే ఆరు రోజులు మిగిలేవి కదా అన్నాను. అతను తల దించుకున్నాడు. తాకుతాయని తనకి తెలియదట, కంప్యూటరుకి కింద కూడా సూదులుంటాయని ఎవరనుకుంటారట. పోనీలే, నీ లోహాలు నీకిచ్చేస్తాను, నీ ఇంటికే పనికొస్తాయి అన్నాను.

"అయి నాయి కాదక్కా," అన్నాడు అబ్బులు. "మామ్మగారియ్యి. ఆవిడే గడప ఊడదీయించి ఇచ్చారు."

ద్వాదశి

గుడ్డ కోసి తీశాను. అయిదు ముక్కలు, పసుపు దారంతో ఒకటిగా చుట్టి ఉన్నాయి. ఆవగింజంత బంగారం, వెండి రేకు, రాగి, ఇనుము, సీసం. మామ్మ ఇప్పటికి నాలుగు ఇళ్ళు మునగ్గా చూసింది. నాలుగుసార్లూ వీటిని చీర కొంగున కట్టుకుని పడవెక్కింది.

ఈ రోజు మార్చింది ఇది ఒక్కటే. బోర్డు బిగించాను, ఆరు స్క్రూలూ గట్టిగా. నొక్కాను. లేచింది.

లేచిందని సంతోషించడానికి కూర్చోలేదు. లోహాలు గుప్పిట్లో పట్టుకుని మామ్మ దగ్గరికి వెళ్ళాను. గడప చెక్క ఇంకా కదులుతూనే ఉంది. మామ్మ బియ్యంలో రాళ్ళు ఏరుతోంది. గుప్పిట విప్పి చూపించాను. వీటివల్లే లేవలేదా అని అడిగింది. అవునన్నాను. ఆవిడ నవ్వింది.

"నేను చల్లగా ఉండమని ఇత్తే, దాని పీకే నొక్కేశానన్నమాట."

ఎందుకిచ్చావు మామ్మా, నీ ఇంటికి అక్కర్లేదా అన్నాను. ఆవిడ చేట పక్కన పెట్టింది.

"నా పని చెయ్యబోయేది అది. పని ఇచ్చినప్పుడు దానికో ఇల్లు ఇవ్వొద్దూ? పోయినేడు తూర్పు మడి చచ్చింది గాలివల్ల కాదని నాకు తెలుసే. నా నోరు నాకు తెలవదా? మొన్న పులుసులో ఉప్పు ఎక్కువైతే బాగుందని రెండోసారి పెట్టించుకున్నావు. నీ మొహం చూశాను. నువ్వు చిన్నప్పట్నుంచీ అబద్ధం ఆడితే ఎడం చెవి ఎర్రబడుద్ది."

ఏడాది నుంచీ ఆవిడ దగ్గర నేను దాస్తున్నాననుకున్నాను. ఏడాది నుంచీ ఆవిడ నన్ను దాచుకోనిచ్చింది. సిగ్గేసింది, కొంచెం తేలిగ్గానూ ఉంది. పక్కన కూర్చుని రాళ్ళు ఏరాను.

లోహాలు తిరిగి తీసుకోనంది. ఇచ్చింది ఇచ్చిందే అంది. సాయంత్రం అబ్బులు వాటిని పెట్టె బయట, అడుగు పలక కింద కొత్త గుంట తొలిచి పెట్టి, టేకు బిళ్ళతో మూసి మేకులు కొట్టాడు. లోహాలు పెట్టేది ఇంటి లోపల కాదు కదా, గడప కింద, ఇదే సరైన చోటు అని తనని తాను సమాధానపెట్టుకున్నాడు. మళ్ళీ నొక్కాను. లేచింది.

త్రయోదశి

పెట్టె తూము గుడిసెలో పెట్టాను. అయిదు కడ్డీలూ కబురు పంపుతున్నాయి. ఎగువ మొదటి చోట, కన్నీళ్ళు. మిగతా నాలుగు చోట్లా, సముద్రం. కొలకర్ర మూడో గీత. అంటించిన పేజీని వేడి కత్తితో విడదీశాను. చిరగలేదు.

అమావాస్య

ఉదయం తొమ్మిదికి మొదటి చోట కొబ్బరినీళ్ళు. పదికి రెండో చోట. పదకొండున్నరకి నాలుగో చోట చారు. జనమంతా గట్టు మీదికి వచ్చేశారు. చక్రం దగ్గర నలుగురూ చేతులకి గుడ్డలు చుట్టుకుని నిలబడ్డారు. చక్రం రెండు గంటలు తిప్పితే గానీ తలుపు గాడి దాటి నీళ్ళకి దారివ్వదు కాబట్టి తీపి తూము గుమ్మంలోకి రాకముందే మొదలుపెట్టాలి. ఇప్పుడే తిప్పండని పెట్టె చెప్పింది.

ఎవరూ కదల్లేదు. ముప్ఫై ఏళ్ళ అలవాటు. అందరూ మామ్మ వంక చూశారు.

అలవాటు కొద్దీ అప్పుడే ఎగువ నాలుగో చోటినుంచి పడవలో తెప్పించిన చెంబెడు నీళ్ళున్నాయి. నేను వద్దనే లోపల మామ్మ చెంబు అందుకుంది. పుక్కిట పట్టింది. చాలాసేపు ఉంచుకుంది. ఉమ్మింది. పోయినేడు లాగే ఏదో ఒకటి అంటుందేమోనని ఆవిడ నోటి వంకే చూశాను. అంటే నేను ఏం చెయ్యాలో నాకు తెలియదు.

"నాకు నీళ్ళలాగే ఉందర్రా," అంది అందరికీ వినబడేలా. "సముద్రం కూడా ఇప్పుడు నాకు నీళ్ళే. పోయినేడు తూర్పు మడి నా వల్లే పోయింది. ఇక నన్ను అడక్కండి, పెట్టెని అడగండి."

తూర్పు మడివాళ్ళ పెద్దావిడ వచ్చి మామ్మ చేతిలోని చెంబు తీసుకుని, తన కొంగుతో ఆవిడ మూతి తుడిచింది. అంతే. అప్పుడు నలుగురూ చక్రం పట్టుకున్నారు.

గుడిసె ఊగింది. తుంపర పెట్టె మీద పడింది. ఫ్యాను తిరుగుతూనే ఉంది. మధ్యాహ్నం ఒకటిన్నరకి తలుపు పూర్తిగా లేచేసరికి తెర మీద తూముకి దగ్గరి అయిదో చోటు కూడా మారింది. మామ్మ వంగి, కళ్ళు చికిలించి, అక్షరం అక్షరం కూడబలుక్కుని చదివింది. కొబ్బరినీళ్ళు. అది నా మాటే కదే అంది. నీదే మామ్మా, దానికి వేరే మాటలు రావు అన్నాను.

నాలుగు గంటల సేపు నీళ్ళు వచ్చాయి. పోటు తిరగక ముందే తలుపు దించేశాం. కొలకర్ర పదకొండో గీత.

జనం వెళ్ళిపోయాక మామ్మ చెరువు మెట్టు మీద కూర్చుని నన్ను పిలిచింది. దోసిలితో నీళ్ళు తీసి నా నోటికి పట్టింది, చిన్నప్పుడు మందు పోసినట్టు. నేను పుక్కిట పట్టాను.

"ఎలా ఉందే?" అని అడిగింది.

చెప్పాను. ఆవిడ నా ఎడం చెవి వంక చూసి తల ఊపింది.

తప్పు: పెట్టె అడుగున లోహం. మార్చింది: లోహం ఉన్న చోటు. మిగతావేవీ మార్చలేదు. మామ్మ గడప చెక్క రేపు బిగించాలి.